ఎర్ర టోపీ కింద రేకు ముక్క

అయిదు వేల పైచిలుకు పలికే కారు బ్యాటరీని నేను రెండువేల నాలుగువందలకు కొన్నాను. బిల్లు లేదు, వారంటీ లేదు. ఎవరి కారులోంచి దిగిందో, ఎందుకు దిగిందో నేను అడగలేదు, అమ్మినతను చెప్పలేదు. దిల్‌సుఖ్‌నగర్‌లో పుట్టి పెరిగినవాళ్ళలో ఇంతకంటే తక్కువకు తెచ్చినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి, ఈ రాయడం ఇక్కడితో ఆపేస్తాను.

ఎలా కొన్నానో కూడా చెప్పాలి, నా విద్యంతా అందులోనే ఉంది కనుక. పాత బ్యాటరీలు బాగుచేసి అమ్మే ఆ కొట్టుకు పొద్దున్నే, షట్టరు సగం లేచి ఉండగా వెళ్ళాను. అతను ఇంకా లోపల దేవుడి పటానికి అగరుబత్తి తిప్పుతున్నాడు. అది బోణీ వేళ. మొదటి గిరాకీ ఉత్త చేతులతో తిరిగిపోతే ఆ రోజు వ్యాపారం పడుకుంటుందని మా బజారంతా నమ్ముతుంది. మా నాన్నది ఫాల్సులు, లైనింగులు, జాకెట్టు ముక్కలు అమ్మే మ్యాచింగ్ సెంటరు. ఇప్పుడది నాది. బోణీకి వచ్చిన మనిషిని వదులుకోలేక నాన్న ఎన్నిసార్లు అసలు ధరకే ఇచ్చేశాడో గల్లాపెట్టె పక్కన స్టూలు మీద కూర్చుని చూసినదాన్ని. బోణీ వేళ కొట్టువాడికి నొప్పి ఎక్కడుంటుందో, ఎంత నొక్కితే ఎంత తగ్గుతాడో నాకు తెలుసు.

అతను మూడువేల రెండువందలన్నాడు. నేను మెట్టు దిగాను. మూడువేలన్నాడు. రెండో మెట్టు దిగాను. ఆ కొట్టుకు మూడు మెట్లే ఉన్నాయి గాబట్టి అతను బతికిపోయాడు. నా పాత బ్యాటరీ అతనికిచ్చి పైన రెండువేల నాలుగువందల యాభైకి ఖాయమైంది.

బిగించేటప్పుడు చిన్న ఇబ్బంది వచ్చింది. బ్యాటరీ మీద టెర్మినల్స్ అనే సీసపు బొడిపెలుంటాయి కదా, వాటిలో ఒకటి నా కారు వైరు చివరున్న పట్టీకి సన్నగా ఉంది. "జర లూజైతుంది మేడమ్, ఏం కాదు" అంటూ అతను ఒక రేకు ముక్క కత్తిరించి, మడతపెట్టి, బొడిపెకూ పట్టీకీ మధ్య దూర్చి సుత్తితో రెండు దెబ్బలు వేశాడు. పైన ఎర్ర ప్లాస్టిక్ టోపీ తొడిగి నల్లటేపు చుట్టాడు. రేకులు దూర్చే బ్యాటరీకి రేటు ఇంత ఉండకూడదు కదా అని ఇంకో యాభై తగ్గించాను. మొత్తం బేరంలో నాకు ఎక్కువ తీపిగా ఉన్నది ఆ యాభయ్యే.

నాలుగు నెలలు కారు బాగానే నడిచింది. ఆషాఢం చివర, శ్రావణమాసం సరుకు కొట్టుకు చేర్చాల్సిన రోజుల్లో, ఎల్బీనగర్‌లో మా అపార్ట్‌మెంటు సెల్లారులో ఒక పొద్దున తాళం తిప్పితే "టిక్" అంది. అంతే. మళ్ళీ తిప్పాను. మళ్ళీ టిక్. లోపల లైట్లు వెలుగుతున్నాయి, హారన్ మోగుతోంది, ఇంజను మాత్రం తనకు చెప్పడం లేదన్నట్టు పడుకుంది. వెనక సీటు నిండా లైనింగు కట్టలు.

మొదట వాచ్‌మన్‌ను అనుమానించాను, రాత్రి ఎవరికో దారి ఇవ్వడానికి బండి తోసి ఏదో చేసుంటాడని. తర్వాత నా పక్కనే కారు ఇరికించి పెట్టే రెండో అంతస్తు వాళ్ళను. తర్వాత హయత్‌నగర్ దారిలో నేను పెట్రోలు పోయించిన బంకును, నీళ్ళు కలిపారేమోనని. బట్టల కొట్టులో కొలబద్ద ఎలాగో నాకు అనుమానం అలాగ. ఎదుటివాళ్ళందరి మీదా పెట్టి చూస్తాను. అంతమందిని కొలిచాను గానీ బ్యాటరీ పేరు మాత్రం మనసులోకి రానివ్వలేదు.

మా అపార్ట్‌మెంటులో లిఫ్టు పక్కన ఒక బోర్డుంది. రిటైరయిన మా సెక్రటరీ గారు దాని మీద ప్లంబరు, ఎలక్ట్రీషియను, గ్యాసు స్టవ్వు బాగుచేసే మనిషి, వీళ్ళ నంబర్లన్నీ రాసి పెట్టారు. కారు మెకానిక్కు నంబరు పక్కన మాత్రం బ్రాకెట్లో "నమ్మకస్తుడు" అని ఉంది. డబ్బా మీద "అసలైన నెయ్యి" అని రాసి ఉంటే నేను దాన్ని కొనను. ఈ నంబరుకు కూడా వెంటనే చేయలేదు.

ముందు బయట ధర తెలుసుకోవాలని ఇంకో ఇద్దరికి చేశాను. హయత్‌నగర్ మనిషి నా కారు ఏదని కూడా అడగకుండా "సెల్ఫ్ మోటర్ పోయిందమ్మా, మార్చాలె, ఆరువేలైతది" అన్నాడు. సెల్ఫ్ మోటరంటే తాళం తిప్పగానే ఇంజనును మొదటి తిప్పు తిప్పే చిన్న మోటారు. నాగోలు మనిషి బండిని కట్టి లాక్కురమ్మన్నాడు, చూడటానికే అయిదువందలన్నాడు. ఒకడు చూడకుండానే రోగం చెప్పేశాడు, ఇంకొకడు చూస్తేనే డబ్బన్నాడు. చివరికి నమ్మకస్తుడికి ఫోన్ చేశాను. మర్నాడు పొద్దున్నే, ఏడున్నరకల్లా రమ్మన్నాను. బోణీ నాదవ్వాలి కదా.

అతను స్కూటరు మీద వచ్చాడు. నలభై దాటిన మనిషి, బొటనవేలి గోరు ఎప్పుడో దెబ్బ తగిలి నల్లబడి ఉంది. బడంగ్‌పేట్‌లో ఇల్లు, సాగర్ రింగ్ రోడ్డు పక్క సందులో షెడ్డు. "మీ అపార్ట్‌మెంట్ నలభై ఇండ్ల పనితోనే నా షెడ్డు కిరాయి ఎల్తదక్కా" అని మాటల్లో తనే చెప్పాడు. బేరానికి ముందు తన అవసరం చెప్పుకునే వ్యాపారిని నేను అంతవరకు చూడలేదు. ఇదేదో కొత్తరకం ఎత్తు అనుకున్నాను.

"బోణీ నాదే కదా అన్నా, చూసి చెప్పు" అన్నాను.

"బోణీ ఏడిదక్కా. ఇంటికాడ్నే రెండు స్కూటర్లకు పంక్చర్ ఏసొచ్చిన. నువ్వు మూడో గిరాకీ."

నా మొదటి ఆయుధం అలా పోయింది. రెండోది తీశాను. రావడానికి ఎంత, ఏది విప్పితే ఎంత, అంతా ముందే చెప్పాలన్నాను. తీసిన పాత సామాను ఏదైనా నాకే ఇవ్వాలన్నాను. ఫోన్‌లో కిలోమీటర్ల అంకె, పెట్రోలు ముల్లు, డిక్కీలో స్టెప్నీ, అన్నిటి ఫోటోలు అతని ముందే తీశాను.

"వచ్చినందుకు రెండొందలు. ఏం ఇప్పినా చెప్పే ఇప్పుత. ఫోటోలు మంచిగ తియ్యి" అన్నాడు.

నన్ను తాళం తిప్పమని, తను ముందు నిలబడి లైట్ల వంక చూశాడు. తిప్పినప్పుడల్లా లైట్లు కళ్ళు మూసుకున్నట్టు డల్లయ్యాయి. బానెట్ ఎత్తి, మీటరు పుల్ల ఒకటి టోపీ అంచు కిందినుంచి దూర్చి, ఇంకొకటి రెండో బొడిపెకు ఆనించి చూశాడు.

"బ్యాటరీల దమ్ముంది. అయితే టెర్మినల్ కాడ పట్టు లేకపోవాలె, లేకుంటే సెల్ఫ్ మోటర్ పట్టేసి ఉండాలె. ఈ టోపీ తీసి చూస్త" అని ఎర్ర టోపీ మీద చెయ్యి వేశాడు.

"అది తీయొద్దు" అన్నాను.

మా బజారులో ఒక మాటుంది, చిరుగు చూపిస్తే చీర అమ్ముతారని. కింద రేకు ముక్క కనబడగానే ఇతను పెదవి విరిచి, ఈ బ్యాటరీ పనికిరాదు, నా దగ్గర మంచిదుందంటాడు. రెండువేల నాలుగువందల నా ఘనత అక్కడితో నీళ్ళపాలు. అది జరగకూడదు.

"ఎందుకక్కా?"

"కంపెనీ సీలు. విప్పితే వారంటీ పోతుంది."

అతను వంగి చూశాడు. "నల్లటేపు కంపెనీ సీలా?"

"ఇప్పుడు అలాగే ఇస్తున్నారు."

"బిల్లుందా?"

"ఇంట్లో ఉంది. కొత్త బ్యాటరీ, నాలుగు నెలలే అయింది. అక్కడ ఏ లోపమూ లేదు."

అతను కాసేపు నా మొహం వంక, కాసేపు టోపీ వంక చూశాడు. "బండి నీది. టెర్మినల్ మంచిగుందని నువ్వే చెప్తున్నవ్. మరి మిగిలింది సెల్ఫ్ మోటరే. దించుడు, ఎక్కించుడు కలిపి ఎనిమిదొందలు. దాంట్ల ఖరాబ్ ఉన్నా గంతే, లేకున్నా గంతే. ఇప్పుడే చెప్తున్న."

ఆరువందలన్నాను. అతను స్పానర్లు సంచిలో వేసుకోవడం మొదలుపెట్టాడు. ఎనిమిదివందలకే కానిమ్మన్నాను. మెట్లు దిగడం అతనికీ వచ్చన్నమాట.

ముప్పావుగంటలో మోటారు కిందికి దిగింది. మట్టి, గ్రీజు కలిసి గట్టిపడి, కుండ అడుగులా నల్లగా ఉంది. షెడ్డుకు తీసుకెళ్ళి వేరే బ్యాటరీతో తిప్పి చూస్తానన్నాడు. మంచి సామాను ఉంచేసుకుని ఎవరిదో పాడైనది తెచ్చి బిగించే మెకానిక్కుల కథలు మా కొట్టులో కూర్చునే ఆడవాళ్ళు వారానికొకటి చెబుతారు. పైగా కారు ఆడమనిషిదని తెలిస్తే ధరకు కొమ్ములొస్తాయని అందరూ అనే మాటే. అతను చేతులు కడుక్కోవడానికి కుళాయి దగ్గరికి వెళ్ళగానే మోటారుకు ఫోటో తీశాను. అది చాలదనిపించింది. బ్యాగులోంచి నెయిల్ పాలిష్ సీసా తీసి, మోటారు అడుగున గ్రీజు కాస్త తుడిచి, అంగుళం పొడవున ఒక గీత గీశాను. నా వేళ్ళకున్న మెరూన్ రంగే. అతను తిరిగి వచ్చేసరికి సీసా బ్యాగులో ఉంది, నేను ఫోను చూసుకుంటున్నాను.

ఆ రోజూ మర్నాడూ లైనింగు కట్టలు ఆటోలో కొట్టుకు వెళ్ళాయి. మెట్రోలో అయితే నిమిషాల మీద దిల్‌సుఖ్‌నగర్ చేరుకోవచ్చు గానీ, అన్ని కట్టలతో మెట్లెక్కి స్టేషన్లోకి వెళితే లోపల బేరం మొదలుపెట్టానని అనుకుంటారు. ఆటో ఒక్కో ట్రిప్పుకు నూటనలభై, నేను అడిగినా తగ్గించలేదు. అలా నాలుగు ట్రిప్పులు.

మర్నాడు రెండో ట్రిప్పు అయ్యాక ఇంటికొచ్చేసరికి మెకానిక్కు సెల్లారులో నా కారు పక్కన నిలబడి ఉన్నాడు. కాగితంలో చుట్టిన మోటారు చంకలో ఉంది. సెక్రటరీ గారు కూడా అక్కడే ఉన్నారు, నీళ్ళ ట్యాంకరు లెక్క చూసుకుంటూ. మెకానిక్కు కాగితం విప్పాడు. మోటారు తళతళా మెరుస్తోంది, కొత్తగా తోమిన ఇత్తడి చెంబులాగా.

బరువు చూస్తున్నట్టు చేతిలోకి తీసుకున్నాను. తిప్పి అడుగు చూశాను. గీత లేదు. ఇంకో వైపు తిప్పాను. అక్కడా లేదు.

అప్పుడు నాకు బాధ కలగాలి. సంతోషం కలిగింది. నా అనుమానం నిజమైతే నాకు కలిగే సంతోషం ఎలాంటిదో పెద్ద బేరాలాడేవాళ్ళకు అర్థమవుతుంది.

"ఇది నా బండిది కాదు" అన్నాను, కావాలనే కొంచెం గట్టిగా.

సెక్రటరీ గారు తల తిప్పారు. "ఏమైందమ్మా?"

"మోటారు మార్చేశాడండీ. నేను గుర్తు పెట్టి ఇచ్చాను. దీని మీద ఆ గుర్తు లేదు."

"ఏమయ్యా?" అన్నారాయన మెకానిక్కుతో. "నీ నంబరు బోర్డు మీద రాసింది నేనే కదా. రేపు అందరూ అడిగేది నన్ను."

"సార్, జర ఆగుండ్రి, నేను..."

సెక్రటరీ గారు ఆగే మనిషి కాదు. జేబులోంచి పెన్ను తీస్తూ లిఫ్టు వైపు నడిచారు. మేమిద్దరం అటే చూస్తున్నాం. ఆయన బోర్డు ముందు నిలబడి చెయ్యి అడ్డంగా రెండుసార్లు ఆడించారు. తర్వాత ఫోను తీసి ఏదో టైపు చేస్తూ లిఫ్టెక్కారు. నా ఫోను బ్యాగులో మోగింది. అపార్ట్‌మెంటు గ్రూపులో సందేశం వచ్చినప్పుడు మోగే మోతే అది. నలభై ఇళ్ళలోనూ ఒకేసారి మోగి ఉంటుంది.

మెకానిక్కు సంచిలోంచి గుడ్డపీలిక తీసి చేతులు తుడుచుకున్నాడు. అవి అప్పటికే శుభ్రంగా ఉన్నాయి.

"ఏం గుర్తు పెట్టినవక్కా?" అన్నాడు.

"నెయిల్ పాలిష్."

నా వేళ్ళ వంక చూశాడు. సంచిలోంచి స్ప్రే డబ్బా తీసి, గుడ్డ మీద రెండుసార్లు కొట్టి నాకిచ్చాడు. "నిన్న దాని మీది జిడ్డంత దీంతోనే కడిగిన. నీ గోరు మీద నువ్వే రుద్దుకో."

రుద్దాను. గోరు చల్లగా అయింది. మెరూన్ రంగు గుడ్డకంటింది, చిటికెనవేలు బోసిపోయింది. అంత జరిగినా నా బుద్ధి పోనిచ్చుకోలేదు. పాలిష్ పోతే పోయింది, ఇది నా మోటారేనని రుజువేమిటన్నాను.

"మార్చేటోన్నయితే, కొత్తది ఏసిన, పైసలియ్యి అంట గదా. నేను చెప్దామని వచ్చింది వేరే. నీ మోటర్‌కు ఏం కాలే. షెడ్‌ల తిప్పిన, గిర్రున తిరిగింది." మోటారు పక్కన చెక్కి ఉన్న అంకెల మీద నల్ల గోరు ఆనించాడు. "ప్రతి దానికి నంబరుంటది. నిన్న అన్నిటికి ఫోటోలు తీసినవ్ కదా, దీనికి గూడ తీసే ఉంటవ్, సూడు."

ఫోటో తెరిచి పెద్దది చేశాను. గ్రీజు మధ్యలో చివరి అయిదంకెలు కనబడుతున్నాయి. మోటారు మీది అంకెలతో ఒక్కొక్కటే సరిచూశాను, నోటు మీద నంబరు చూసినట్టు. అయిదూ కలిశాయి. ఫ్యాక్టరీ వాడు చెక్కిన గుర్తు ఉండగా, నేను దాన్ని ఫోటో కూడా తీసుకుని, నెయిల్ పాలిష్‌ను నమ్మాను.

"ఇప్పుడు మోటర్ మంచిగుంది" అన్నాడు. "బ్యాటరీ మంచిగుంది. నడుమ ఉన్నది ఒక్కటే. ఆ టోపీ నువ్వు తీస్తవా, నన్ను తియ్యమంటవా?"

నేనే తీశాను. నల్లటేపు జిగురుతో సాగుతూ వచ్చింది. టోపీ కింద పట్టీ చుట్టూ ఉప్పు పేరుకున్నట్టు తెల్లగా, ఆకుపచ్చగా పొడి ఉంది. దాని మధ్యలో నా రేకు ముక్క నల్లగా మాడి, ఒక పక్కకు జారి ఉంది. పట్టీని వేలితో తాకితే గిలక్కాయలా ఊగింది. అతను కటింగ్ ప్లేయరుతో ఆ ముక్కను లాగి తన అరచేతిలో పెట్టుకున్నాడు.

"ఎవరు పెట్టిన్రు?"

"బ్యాటరీ కొన్నచోట."

"నువ్వు సూస్తుండంగనే?"

"చూస్తుండగానే. దానికే యాభై రూపాయలు తగ్గించాడు."

అతను మొదటిసారి నవ్వాడు. "ఆ యాభైకి పండుగ చేస్కొని ఉంటవ్."

చేసుకున్నాను. దాన్ని గురించి నేను కొట్టులో ఎంతమందికి చెప్పానో అతనికి చెప్పలేదు.

"కంపెనీ సీలు కాదు. బిల్లు లేదు, వారంటీ లేదు. నిన్న చెప్పినవన్నీ అబద్ధాలే" అన్నాను.

"నిన్ననే ఎరుక" అన్నాడు. "నల్లటేపు మా షెడ్‌ల కూడా ఉంటది. గిరాకీ వద్దన్నది నేను ముట్ట. ముట్టినంక ఏమైనా పోతే నా మీదికే వస్తది."

అతను సరైన సీసపు తొడుగు, కొత్త పట్టీ తేవడానికి షెడ్డుకు వెళ్ళాడు. నేను లిఫ్టు దగ్గరికి వెళ్ళాను. బోర్డు మీద నంబరుకు అడ్డంగా రెండు గీతలున్నాయి. రెండోది "నమ్మకస్తుడు" మీదుగా కూడా వెళ్ళింది. ఫోనులో సెక్రటరీ గారి సందేశం కింద అప్పటికే ఏడుగురు స్పందించారు. "ముందే అనుకున్నా" అని ఒకరు రాశారు. ఆయన కారు కూడా ఈ మెకానిక్కే చూస్తాడు.

సెక్రటరీ గారి ఫ్లాటుకు వెళ్ళి బెల్లు కొట్టాను. మోటారు నాదేనని, గుర్తు కడిగేటప్పుడు పోయిందని చెప్పాను.

"అంటే పొరపాటు పడ్డావన్నమాట. పర్లేదులే, జరుగుతుంటాయి" అన్నారు. పొరపాటు అనే మాట నాకు చవగ్గా దొరుకుతోంది. చవగ్గా దొరికేది తీసుకోకుండా వదిలేయడం నాకు ఎంత కష్టమో చెప్పలేను.

"పొరపాటు ఒక్కటే కాదండీ. బ్యాటరీ సంగతి అతని దగ్గర దాచాను. అబద్ధం చెప్పాను. అతను అడిగింది చూడనిచ్చి ఉంటే అసలు మోటారు దించే పనే లేదు."

ఆయన నన్ను అద్దాల పైనుంచి చూసి, పెన్ను తెచ్చిచ్చారు. "కొట్టేసింది నేను, రాయాల్సింది నువ్వు" అన్నారు. బోర్డు మీద ఖాళీ చూసుకుని నంబరు మళ్ళీ రాశాను. పక్కన బ్రాకెట్లో ఆ మాట కూడా. గ్రూపులో జరిగింది జరిగినట్టు పెట్టాను, రేకుతో సహా, బిల్లు లేని బ్యాటరీతో సహా. ఇద్దరు చేతులు జోడించిన బొమ్మ పెట్టారు. ముగ్గురు ఆ బ్యాటరీ కొట్టు అడ్రస్ అడిగారు.

నేను కిందికి వచ్చేసరికి అతను పని మొదలుపెట్టాడు. ముప్పావుగంటకు తాళం తిప్పమన్నాడు. ఒక్క తిప్పుకే ఇంజను అందుకుంది. అతను బానెట్ దించి, చేతులు కడుక్కోవడానికి వెళుతూ లిఫ్టు పక్కన ఆగి, బోర్డు చదివి వచ్చాడు.

"ఎంతైంది?" అన్నాను.

"వచ్చినందుకు రెండొందలు. ఇయ్యాల రాకడకు వద్దు. తొడుగు, పట్టీ కలిపి రెండొందల డెబ్బై. మోటర్‌ది నాలుగొందలియ్యి. ఎనిమిదొందలు ఎందుకు, దాంట్ల ఖరాబే లేదాయె. మొత్తం ఎనిమిదొందల డెబ్బై."

అడక్కుండానే నాలుగువందలు తగ్గాయి. అలవాటుగా నా చెయ్యి బ్యాగు జిప్పు మీదికి వెళ్ళింది, అతను మాట మార్చుకునేలోగా తీసిచ్చేద్దామని. అప్పుడు మా నాన్న కత్తెర గుర్తొచ్చింది.

మా కొట్టులో గుడ్డ కోశాక కొలత తప్పిందని గొడవలు రోజూ వచ్చేవి. రెండు మీటర్లు చాలన్న మనిషే మర్నాడు వచ్చి, లైనింగు చాల్లేదు, వెనక్కి తీసుకోమనేది. నాన్న అడిగే ప్రశ్న ఒక్కటే. కొలత ఎవరు చెప్పారు? నాన్న చెప్పి ఉంటే కొత్త గుడ్డ ఉచితంగా కోసి ఇచ్చేవాడు, ఆ నష్టం కొట్టుది. గిరాకీ చెప్పి ఉంటే, ఎంత పాత గిరాకీ అయినా, ఎంత ఏడ్చినా, గుడ్డ వాళ్ళది. సగం సగం అనేవాడు కాదు. కొలత చెప్పినవాళ్ళదే గుడ్డ.

టెర్మినల్ మంచిగుందని కొలత చెప్పింది నేను. నేను చెప్పిన కొలతకు అతను కోశాడు.

"మోటారుకు ఎనిమిదివందలే" అన్నాను. "ఖరాబు ఉన్నా లేకున్నా అంతే అని నువ్వు ముందే చెప్పావు. కడిగినందుకు ఇంకో నూటయాభై వేసుకో."

"కడుగుమని నువ్వు చెప్పినవా? జిడ్డు సామాను చేతికియ్యబుద్ధి గాక నేనే కడిగిన. దానికి పైసల్లేవ్. మోటర్‌కు ఆరొందలియ్యి."

"ఎనిమిదివందలు."

"అక్కా, ఎక్కువియ్యనీకి గింత కొట్లాడేటోళ్ళను నేను సూడలే."

"నేను కూడా ఇదే మొదటిసారి. తొందరగా ఒప్పుకో, నాకు అలవాటు లేదు."

కడిగినదానికి వద్దని, మోటారుకు ఎనిమిదివందలని కుదిరింది. పన్నెండువందల డెబ్బై. బేరం ఉన్నచోట నేను ఫోనుతో కట్టను, నోట్లే తీస్తాను. రెండు అయిదువందలు, మూడు వందలు ఇచ్చాను. ఇచ్చి నిలబడ్డాను. అతను స్కూటరు ఎక్కబోతూ నన్ను చూసి, జేబులన్నీ వెతికి, ఒక ఇరవై నోటు, ఒక పది నోటు తీసిచ్చాడు. తీసుకున్నాను. లెక్క ప్రకారం ముప్ఫై నాది.

రేకు ముక్క అడిగాను. తీసిన పాత సామాను నాకే ఇవ్వాలని మాట కదా. ఇచ్చాడు.

కొట్టుకు వెళ్ళాక చీటీల పుస్తకం వెనక పేజీలో రాసుకున్నాను. కొత్త బ్యాటరీ అయిదువేల రెండువందలు. పాత బ్యాటరీ ఇచ్చినందుకు ఎనిమిదివందలు పోతే నాలుగువేల నాలుగువందలు. నేను కొన్నది రెండువేల నాలుగువందలకు. ఆదా రెండువేలు. అందులో మెకానిక్కుకు పన్నెండువందల డెబ్బై, ఆటోలకు అయిదువందల అరవై పోయాయి. నాలుగు నెలల పాటు కనబడినవాళ్ళందరికీ చెప్పుకున్న నా బేరంలో మిగిలింది నూటడెబ్బై రూపాయలు.